జ్ఞానదంతములు: అవి మనకేల మొలచును?

మానవునకు జ్ఞానము ఏ వయస్సున గలుగునను విషయమున పెద్దలు ఏకాభిప్రాయమునకు వచ్చినట్లు కానరాదు. కాని జ్ఞానదంతము ఏ వయస్సున మొలచునో దంతవైద్యులు చెప్పగలరు. సాధారణముగా 17వ యేటికిని 25వ యేటికిని నడుమ, నోటికి నాలుగు మూలలయందు, అన్ని పండ్లకును వెనుకగా, మూలకొక్కటి చొప్పున నాలుగు దంతములు మొలచును. వీనికే జ్ఞానదంతములని పేరు. పేరు గొప్పదియే గాని, ఇవి మొలచునప్పుడు పలువురకు కలుగునది జ్ఞానము కాదు, నొప్పి. ఆ నొప్పితో నాయొద్దకు వచ్చువారు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, ఈ పన్ను నమలుటకు అక్కరకు రాదు, నవ్వినప్పుడు కనబడదు. భగవంతుడు దీనిని ఎందుకు పెట్టినాడు?" అని వారడుగుదురు. నేటి ప్రసంగమున ఈ ప్రశ్నకు సమాధానము చెప్ప యత్నించెదను. ఆ సమాధానము తెలిసినచో, ఈ పంటిని ఏమి చేయవలెనను రెండవ ప్రశ్నకును దారి దొరకును.

ముందుగా పేరును గూర్చి రెండు మాటలు. ఈ పేరు దేశదేశములు తిరిగినది. లాటిను భాషయందు దీనికి జ్ఞానదంతమను అర్థము గల పేరే యున్నది. అరబ్బీవారు బుద్ధిపన్ను అందురు. ఉర్దూ మాట్లాడువారు అకల్ దాఢ్ అనుటలోని భావమును అదియే. తురుష్కభాషలో దీనిని ఇరువదియేండ్ల పన్ను అందురు. జపానువారు ఓయాషిరాజు అందురు. తలిదండ్రులెరుగనిదని దాని యర్థము. బిడ్డ పెద్దవాడై, తల్లి వాని నోరు తెరిపించి చూచు కాలము గడచిన పిమ్మట మొలచు పంటికి ఆ పేరు తగియే యున్నది. కొరియావారు దీనిని వలపుపన్ను అందురు. తొలివలపు పుట్టు ప్రాయమును ఈ పన్ను పుట్టు ప్రాయమును ఒక్కటియేగదా! ఇన్ని పేర్లయందును సామాన్యమైన విషయమొక్కటియే: ఇది అన్నిటికంటె చివర, యౌవనమున వచ్చు పన్ను. అంతకుమించి బుద్ధికిని దీనికిని ఏ సంబంధమును లేదు. నాలుగును మొలచినవారు నాలుగింతల జ్ఞానులు కారు; ఒకటియు మొలవనివారు అజ్ఞానులును కారు.

ఇక నోటియందలి పండ్ల లెక్క చూతము. బిడ్డకు పాలపండ్లు 20. పెద్దవారికి పండ్లు 32. నోటిని నాలుగు భాగములుగా చేసినచో భాగమునకు ఎనిమిది. వానిలో ముందున్న రెండు కొరుకుపండ్లు, తరువాతిది కోరపన్ను, ఆ వెనుకవి రెండు చిన్న దవడపండ్లు, చివరివి మూడును పెద్ద దవడపండ్లు. ఈ పెద్ద దవడపండ్లు పాలపండ్ల స్థానమున వచ్చునవి కావు. వాని వెనుకనున్న ఖాళీచోట క్రొత్తగా మొలచునవి. మొదటిది 6వ యేటను, రెండవది 12వ యేటను, మూడవది 18వ యేట గాని అటు తరువాత గాని వచ్చును. ఆరు, పండ్రెండు, పదునెనిమిది అను ఈ లెక్కను గుర్తుంచుకొనుట సులభము. ఆ మూడవదియే జ్ఞానదంతము. ప్రసంగవశమున తల్లులకొక మనవి. ఆరవయేట వచ్చు దవడపన్ను ఏ పన్నును ఊడకుండగనే వచ్చుటచే పలువురు దానిని పాలపన్నని భ్రమించి, పుచ్చిపోయినను ఉపేక్షింతురు. అది ఒకసారి పోయినచో మరల రాదు.

ఈ పండ్లన్నియు ఒక్కమారుగా రాక, ఆరేసి యేండ్ల యెడముతో వచ్చుట యెందుకు? వానికి చోటు ఒక్కసారిగా సిద్ధము కాదు. పిల్లవాని దవడ వెనుకప్రక్కకు పెరుగును. క్రింది దవడయందు నిలువుగా లేచు ఎముకయొక్క ముందటి అంచు కొంచెముకొంచెముగా కరగి, వెనుకటి అంచున క్రొత్త ఎముక చేరుచుండును. ఆ విధముగా ఏర్పడిన చోటున ఒక పన్ను, మరికొంత చోటేర్పడిన పిదప మరియొక పన్ను వచ్చును. ఏనుగునందు ఈ యేర్పాటు ఇంకను స్పష్టముగా కానవచ్చును. దాని నోట ఒక్కొక్క భాగమునకు ఆరు దవడపండ్లు కలవు. కాని అవి ఒక్కసారి కనబడవు. ముందున్నది అరిగి రాలుచుండగా వెనుకనుండి తరువాతిది జరిగి వచ్చును. ఆరవదియు అరిగిపోయిన ముసలి యేనుగు మేత నమలలేక క్రుంగిపోవును. మనకట్లు జరుగుట లేదు గాని, పెద్ద దవడపండ్లు వెనుకనుండి వరుసగా వచ్చుట మాత్రము మనయందును కలదు. జ్ఞానదంతము ఆ వరుసలో కడపటిది. అది మొలచుట 18వ యేటనైనను, ఎముకలోపల దాని రూపమేర్పడుట 8వ లేక 9వ యేటనే ఆరంభమగును. అనగా పిల్లవాడు మూడవతరగతిలో ఎక్కములు చదువుచుండగా, వాని దవడలో ఈ పన్ను తన చోటు కొరకు వేచియున్నదన్నమాట.

పూర్వులు ఈ పంటిని ఎరుగకపోలేదు. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమునందలి గ్రీకు పండితుడు అరిస్టాటిలు, చివరి దవడపండ్లు ఇరువదియేండ్ల ప్రాయమున వచ్చుననియు, ఎనుబదియేండ్ల వృద్ధ స్త్రీలకు సైతము మిక్కిలి బాధతో మొలచిన సందర్భములు కలవనియు వ్రాసెను. మన దేశమున సుశ్రుతుడు ఇంకను నిశితముగా పరిశీలించినాడు. దవడయందలి కడపటి పంటివద్ద పెద్దవాపును, తీవ్రమైన నొప్పిని, లాలాజలస్రావమును కలిగించు వ్యాధికి ఆయన సంహితలో అధిమాంసకమని పేరు. ఆ అధికమైన మాంసమును ఛేదించి, తేనెతో కలిపిన చూర్ణములనుంచవలెనని చికిత్స చెప్పబడినది. మరియొకచోట వర్ధనమను వ్యాధి చెప్పబడినది: తీవ్రవేదనతో అధికమైన దంతమొకటి పుట్టును, పుట్టిన పిమ్మట నొప్పి శమించును. నేటి దంతవైద్యుడు ఈ వర్ణనలను చదివినచో తన గదిలో కూర్చుండియున్న రోగి యతనికి కన్నులయెదుట నిలుచును. సగము మొలచిన జ్ఞానదంతముపై కప్పియున్న చిగురు వాచుటయే ఆ అధిమాంసకము.

ఇట్లు పూర్వులు బాధను వర్ణించిరి, చికిత్సను చెప్పిరి. ఎందుకను ప్రశ్నకు సమాధానము మాత్రము ఇంకను వెనుకకు, మానవజాతి తొలి దశకు పోయి వెదకవలసియున్నది.

1959వ సంవత్సరమున తూర్పు ఆఫ్రికాయందలి ఓల్డువై లోయలో మేరీ లీకీ అను విదుషీమణి యొక కపాలమును కనుగొనెను. అది సుమారు 17½ లక్షల యేండ్లనాటిది. ఆ ప్రాణి మనకు సాక్షాత్తు పితామహుడు కాడు, దాయాది యనవచ్చును. దాని దవడపండ్లు మన పండ్లకంటె ఎంతో పెద్దవి. మనకు మొదటి దవడపన్ను పెద్దది, వెనుకకు పోయినకొలది చిన్నవి. ఆ జాతికి వెనుకకు పోయినకొలది పెద్దవి. జ్ఞానదంతము వానికి అలంకారము కాదు, తిరుగలి. అంతేకాదు, ఆ కపాలమునందలి జ్ఞానదంతములు అప్పుడప్పుడే మొలచుచుండెను. దానినిబట్టియే అది ప్రాయమున అడుగుపెట్టుచు మరణించిన ప్రాణి యని పండితులు గుర్తించిరి. ఆ పండ్లను చూచి, ఈ ప్రాణి గట్టి గింజలను పగులగొట్టి తినుచుండెనని మొదట తలచిరి. తరువాతి పరిశోధనలవలన అది ముఖ్యముగా గడ్డిజాతులను, తుంగజాతులను నమలి జీవించెనని తేలినది. తుంగను రోజంతయు నమలవలసినవానికి నోట ఎన్ని పండ్లున్నను అధికము కావు.

మన ప్రత్యక్షపూర్వుల దారి వేరైనది. వారు చేతితో పనిముట్టును పట్టిరి; అటు తరువాత నిప్పును లోబరచుకొనిరి. దక్షిణాఫ్రికాయందలి వండర్‌వర్క్ గుహలో పది లక్షల యేండ్లనాటి నిప్పుయొక్క గుర్తులు దొరకినట్లు 2012లో ప్రకటింపబడినది. నిప్పు రాకముందే రాతిపలుగు చేయగల మేలు చాలనుండెను. 2016లో హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి పరిశోధకులు దీనిని లెక్కకట్టి చూపిరి. ఆహారమున మూడవవంతు మాంసముండి, ఆ మాంసమును రాతితో ముక్కలు చేసి, దుంపలను దంచి తినినచో, నమలుటలు నూటికి 17 వంతులును, నమలుటకు వలయు బలము నూటికి 26 వంతులును తగ్గునని వారు కనుగొనిరి. వంట ఇంకను కలసినపుడు చెప్పవలసినదేమున్నది? నమలు పనిలో పెద్దభాగము నోటినుండి చేతికిని, రోటికిని, పొయ్యికిని మారినది. మన యింట రోలు, రోకలి, తిరుగలి, పొయ్యి అనునవి ఒక విధముగా మన దవడపండ్లకు తోడుగా తెచ్చుకొన్న బయటి పండ్లు.

కావున జ్ఞానదంతమేల యను ప్రశ్నకు మొదటి సమాధానము స్పష్టము. అది నమలుటకు వచ్చిన పన్నే. మన పూర్వులకు అది పనిచేసినది. ఆ పంటిని నిర్మించు సూచన తండ్రితాతలనుండి మనకు వంశపారంపర్యముగా సంక్రమించినది. కాని ఇది సగము సమాధానమే. ఆ పన్ను పూర్వులకు బాధలేకుండ వచ్చి, మనకు బాధతో వచ్చుటకు కారణమేమి?

ఇందుకు లోకమున ఒక సులభమైన సమాధానము ప్రచారమున నున్నది: మనము వాడుట మానినాము గనుక ఆ పన్ను తనంతట తాను నశించుచున్నదని. ఈ మాటను మనము జాగ్రత్తగా తూచవలెను. 1871లో డార్విను తాను రచించిన మానవోత్పత్తి గ్రంథమున, నాగరికజాతులయందు ఈ పన్ను క్షీణదశలో నున్నట్లు కనబడుచున్నదనియు, మెత్తని వండిన ఆహారమువలన దవడ కురుచయగుట అందుకు కారణము కావచ్చుననియు వ్రాసెను. ఆయన దవడను గూర్చి చెప్పినది గమనింపదగినది. అయినను, వాడకపోవుటచేతనే ఒక అవయవము సంతానమునకు తగ్గి పుట్టుననుట సరికాదు. మన స్త్రీలు వందల తరములుగా చెవులు కుట్టించుకొనుచున్నారు. చెవికి రంధ్రముతో పుట్టిన శిశువును ఎవరును చూడలేదు. ఒకరి జీవితమున శరీరమునకు కలిగిన మార్పు అట్లే బిడ్డకు దిగదు.

కొందరకు జ్ఞానదంతములు పుట్టుకతోనే లేకుండుట మాత్రము నిజమే. లోకమున నూటికి సుమారు 22 మందికి ఒకటియో, అంతకెక్కువయో లేవని 2015లో ప్రకటింపబడిన సమీక్ష తెలుపుచున్నది. అట్టివారి వంశమున పంటిని నిర్మించు సూచనలోనే మార్పు కలిగినది. పూర్వకాలమున ఆ మార్పు గలవాడు నమలలేక నష్టపడియుండును. వంట వచ్చిన పిమ్మట వానికి నష్టము లేదు. కనుక ఆ మార్పు తరువాతి తరములలో నిలువగలిగినది. ఇది లక్షల యేండ్ల కథ. కాని మన పట్టణములలో తండ్రి నోట చక్కగా మొలచిన పన్ను కొడుకు నోట అడ్డము తిరుగుచున్నది. ఒక్క తరములో కలిగిన ఈ భేదమునకు లక్షల యేండ్ల కథ చాలదు.

దీనికి రెండవ సమాధానము దవడయొక్క పెరుగుదలలో నున్నది. పంటికిని ఎముకకును ఒక ముఖ్యమైన భేదము కలదు. పంటి శిఖరము ఎముకలో ఒకసారి తయారైనచో ఇక పెరుగదు, తరుగదు. అది ఎంత వెడల్పుండవలెనో చాలవరకు పుట్టుకయే నిర్ణయించును. ఎముక అట్లుగాదు. పిల్లవాడు పెరుగు కాలమున ఎముకకు పని కలిగినచో అది బలియును, పెరుగును. పని లేనిచో కురుచగా నిలిచిపోవును. సాముచేయు కుర్రవాని భుజమునకును, చేయనివాని భుజమునకును గల భేదమే దవడలకును కలదు. పండ్లు తాతల కొలతతో వచ్చును. దవడ మాత్రము బాల్యమున తిన్న తిండి కొలతతో పెరుగును.

ఇది ఊహ కాదు. 2004లో హార్వర్డునందే హైరాక్సు అను చిన్న జంతువులపై పరిశోధన జరిగినది. కుందేలంత యుండు ఈ జంతువు ముఖముయొక్క అమరిక కొంతవరకు మనుష్యుని ముఖమును పోలియుండును. కొన్నిటికి పచ్చివియు ఎండినవియు నగు గట్టి ఆహారమును, కొన్నిటికి అదే ఆహారమును వండి మెత్తగా చేసియు పెట్టిరి. మెత్తని ఆహారము తిన్నవానికి ముఖముయొక్క క్రిందిభాగపు పెరుగుదల సుమారు పదవవంతు తగ్గినది. ఇక మనుష్యుల మాట. 1983లో చండీగఢ్ ప్రాంతమున పల్లెలయందలి యువకులను, పట్టణమందలి యువకులను పరీక్షించి, పండ్ల వరుస తప్పుట పట్టణవాసులయందే ఎక్కువగా నున్నట్లు ప్రకటించిరి. ఒక్కజాతి జనమే, ఒక్క సీమయే, తిండి మాత్రమే పల్లెలో గట్టిది, పట్టణమున మెత్తనిది. 2011లో మరియొక పరిశోధన లోకమున పలుచోట్లనుండి సేకరించిన క్రింది దవడలను పోల్చి చూచినది. వేటాడియు ఏరుకొనియు బ్రదుకువారి దవడలు పొడవుగాను, వ్యవసాయము చేయువారి దవడలు కురుచగాను ఉన్నవని తేలినది. పొడవు దవడయందు చివరి పంటికి చోటున్నది. కురుచ దవడయందు లేదు.

దీనిని మన యింటి మాటలలో చెప్పెదను. పెండ్లిలో బంతిభోజనమునకు 32 మందిని పిలిచినాము. పిలుపు తాతలనాటిది, పెద్ద పందిరి నెంచి పిలిచిన పిలుపు. కాని పందిరి ఈ తరమువారు వేసినది. అందు 28 విస్తళ్ళకే చోటున్నది. ముందు వచ్చినవారు సుఖముగా కూర్చుండిరి. చివర వచ్చిన నలుగురు ఒకరిని త్రోసియో, ఒదిగియో, గుమ్మములోనో కూర్చుండవలసి వచ్చినది. ఆ నలుగురను అక్కరలేని చుట్టములనుట న్యాయము కాదు. వారు పిలిచినవారే; పందిరియే చిన్నది.

చోటు చాలనిచో ఆ పన్ను ఏమి చేయును? ముందుకు వాలి రెండవ దవడపంటికి తలయానించి ఆగిపోవచ్చును. అడ్డముగా పరుండవచ్చును. ఎముకలోననే పాతుకొనియుండవచ్చును. సగము వెలికివచ్చి, సగము చిగురు క్రింద నిలిచిపోవచ్చును. ఇట్లు ఇరుకున చిక్కిన జ్ఞానదంతము లోకమున నూటికి సుమారు 24 మందికి ఉన్నదని 2016లో ప్రకటింపబడిన లెక్క. ఇందు సగము మొలచినదే మిక్కిలి బాధించును. పైని కప్పియున్న చిగురు క్రింద అన్నపు మెతుకులు చేరి క్రుళ్ళును. చిగురు వాచును, వాచిన చిగురును పైపన్ను నొక్కును, నోరు తెరచుట కష్టమగును, మ్రింగునప్పుడు చెవివరకు పోటు పొడుచును. "ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి" అను సామెత ఈ పంటి విషయమున అక్షరాల నిజము.

ఇచట మీరు శ్రద్ధతో వినవలసిన మాట యొకటి కలదు. ఈ వాపు చాలమందికి నాలుగు దినములలో తగ్గును. కొందరకు మాత్రము ఆ చీము దవడ క్రిందికిని, మెడలోనికిని దిగును. నాలుక పైకెత్తుకొనివచ్చి ఊపిరి యాడుట కష్టమగును. జర్మను వైద్యుడు లూడ్విగ్ 1836లో వర్ణించిన ఈ వ్యాధి, మందులు లేని ఆ దినములలో పలువుర ప్రాణములను తీసినది. నేడును ఆలస్యము చేసినవారిని తీయుచున్నది. కావున దవడ క్రింద గట్టివాపు, జ్వరము, నోరు రెండువ్రేళ్ళ మేరయైన తెరచుకొనకుండుట, ఉమ్మి మ్రింగలేకుండుట అనువానిలో ఏది కనబడినను తెల్లవారువరకు వేచియుండరాదు. ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. బుగ్గమీద వేడికాపడము పెట్టుట, పంటిలో సున్నమునో పొగాకునో కూరుట మానవలెను. వైద్యుని చేరులోపల గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించుట మంచిది. లవంగతైలము నొప్పిని కొంత మందగింపజేయును. కాని నొప్పి మందగించినంతమాత్రమున చీము పోయినదని తలపరాదు.

ఇట్లు ఆలస్యము చేయుటకు మన ప్రజలలో నున్న ఒక భయము ముఖ్యకారణము. పై దవడపంటిని తీసినచో కంటిచూపు పోవునని పల్లెలలోనే గాక పట్టణములలోను నమ్మువారున్నారు. చూపును మెదడునకు చేర్చు నరము వేరు. పంటి బాధను చేర్చు నరము వేరు. తలలోనుండి వెడలు పండ్రెండు జతల నరములలో చూపు నరము రెండవది, పండ్ల నరము అయిదవదాని శాఖ. పన్ను తీసినందున చూపునకు భంగము లేదు. వయస్సు ముదిరినకొలది పండ్లు తీయించుకొనుటయు, చూపు మందగించుటయు ఒకే కాలమున జరుగుటచే, ఒకటి మరియొకదానికి కారణమని జనులు భ్రమించిరి. చిగురులోని చీమును పెట్టుకొని కూర్చుండుట కంటికిని, ఒంటికిని కూడ కీడు.

అట్లని ప్రతి జ్ఞానదంతమును పెరికివేయవలెనని నా యభిప్రాయము కాదు. అమెరికాయందు బాధింపని జ్ఞానదంతములను సైతము యౌవనముననే తీసివేయు ఆచారము ప్రబలినది. ఇంగ్లండునందు 2000వ సంవత్సరమున ప్రభుత్వపక్షమున ఆరోగ్యవిషయములను విమర్శించు సంస్థ, రోగము లేని జ్ఞానదంతమును ముందుజాగ్రత్త పేరున తీయరాదని నిర్దేశించినది. ఈ రెండవ మార్గమున వివేకమున్నదని నేను తలచెదను. క్రింది జ్ఞానదంతపు వేరుకు సమీపముగా పెదవికి స్పర్శనిచ్చు నరము పోవుచుండును. పంటిని తీయునప్పుడు ఆ నరమునకు దెబ్బ తగిలినచో పెదవియు గడ్డమును మొద్దుబారవచ్చును. అరుదుగా ఆ మొద్దుతనము శాశ్వతముగా నిలిచిపోవును. లాభము లేనిచోట ఈ అపాయమునకేల పూనుకొనవలెను? కావున నిర్ణయమునకు ఇట్టి నియమములను పాటింపవచ్చును. పన్ను నిటారుగా వచ్చి, పైపంటితో కలసి నమలుచు, పుల్లకో కుంచెకో అందుచున్నయెడల దానిని ఉంచుకొనుడు. అది మంచి పన్నే. ఎముకలో నిశ్శబ్దముగా పరుండియున్న యెడల అప్పుడప్పుడు ఎక్సురే చిత్రముతో దానిని కనిపెట్టుచుండుట చాలును. చిగురు మాటిమాటికి వాచుచున్నను, పన్ను పుచ్చినను, ప్రక్కనున్న మంచిపంటిని పాడుచేయుచున్నను, ఎముకలో నీటితిత్తి పెరుగుచున్నను వెంటనే తీయించుకొనుడు. అట్టియెడ వేచియుండుట ఓర్పు కాదు.

చివరగా తల్లులకు మరియొక మాట. పుట్టుకతో వచ్చిన పంటి కొలతను మనము మార్చజాలము. దవడకు పని కల్పించుట మాత్రము కొంతవరకు మన చేతిలోనిదే. అయిదేండ్లు నిండిన బిడ్డకు ప్రతి పదార్థమును పిసికి, నానబెట్టి, మెత్తగా గుజ్జుచేసి పెట్టుట ప్రేమయని తలపకుడు. జొన్నరొట్టె, పచ్చికొబ్బరి, జామకాయ, చలికాలమున కాల్చిన తేగ, కాలమునుబట్టి చెరకుముక్క వానికి చేతికిచ్చి నమలనిండు. చెరకు తిన్న పిదప నోరు పుక్కిలింపజేయుడు. ఇట్లు చేసినయెడల జ్ఞానదంతము తప్పక తిన్నగా వచ్చునని నేను ప్రమాణము చేయను. కాని నమలు పని దొరకిన దవడ పెరుగుననుటకు సాక్ష్యమున్నది; పెరిగిన దవడయందు చోటుండును.

జ్ఞానదంతమును గూర్చి మనము నేర్చుకొనదగిన జ్ఞానము ఇంతియే. అది మనకు అధికముగా వచ్చిన పన్ను కాదు. మన పూర్వుల ఆకలిని తీర్చిన పన్ను. తక్కువైనది దాని చోటు. బాధింపనంతకాలము దానిని వృద్ధబంధువువలె ఇంట నుండనిండు. బాధించినప్పుడు భయము విడిచి, ఆలస్యము చేయక, వైద్యునియొద్దకు పొండు.